అడాప్టర్‌కి తమ్ముడు రాసిన అంకెలు

నారిన్ పైలోయ, సోమవారం

ప్రియమైన తమ్ముడు తాలాయ్‌కి,

సలాం. మొన్న కరెంటు పోయి వచ్చాక ఇంట్లో కంప్యూటర్‌కి నెట్ అందడం లేదు. తెర మూలన పసుపు త్రికోణం పడింది. లోయలో ఫోన్లు పలకవు కనుక ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. ప్రతి శుక్రవారం ఆ తెర మీద చిన్న తమ్ముడి ముఖం చూస్తే తప్ప అమ్మకి ముద్ద దిగదు. పనికోసం వెళ్ళినవాడు, ఆ సైబీరియా చలిలో ఉలాన్ ఎలా ఉన్నాడో. తెలిస్తే రాయి.

మీ అక్క, బూరుల్

బిష్కెక్, బుధవారం

ప్రియమైన అక్కకి,

కంప్యూటర్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ అడాప్టర్ తెరువు. అడ్రసు దానంతటదే తీసుకునే చోట టిక్కు తీసేసి, కింద రాసిన అంకెలు కొట్టు. ఒక్కటి కూడా మార్చకు. అమ్మకి మందులు పంపాను, వేళకి వెయ్యి.

నీ తాలాయ్

శనివారం

ప్రియమైన తమ్ముడికి,

బిస్మిల్లా అనుకుని కొట్టాను. త్రికోణం పోలేదు. నిన్న అమ్మ కొత్త తలగుడ్డ చుట్టుకుని తెర ముందు కూర్చుంది. "ఏమే, దీనికి జలుబు చేసిందా? పట్నంలో కంప్యూటర్ల పనికి తాలాయ్‌గాడికి జీతమిచ్చేవాళ్ళకి కళ్ళు లేవుటే?" అని నవ్వింది. తరవాత టీ కూడా తాగకుండా లేచిపోయింది. బడి పంతులమ్మ నజీరా వచ్చి చూస్తానంది. ఉలాన్ సంగతి రాయలేదేం?

అక్క

సోమవారం

అక్కా,

నజీరాని ముట్టుకోనివ్వకు. అడాప్టర్ మీద నొక్కి 'డిజేబుల్' ఎంచు, పూర్తిగా ఆగిపోతుంది. అలాగే ఉంచు. గురువారం మామయ్యలిద్దరితో వస్తున్నాను. ఇల్లు కదలకు.

తాలాయ్

మంగళవారం

ప్రియమైన తాలాయ్‌కి,

నీ ఉత్తరం అందేసరికే నజీరా వచ్చి ఉంది. నీ అంకెలు చూసి, "అక్కయ్యా, ఇవి బాగుచేసేవి కావు, దారి మూసేవి. నిమిషంలో తీసేస్తా," అంది.

నువ్వు అంకెల్లో తప్పే మనిషివి కాదు. రెండుసార్లు అడిగినా ఉలాన్ పేరు రాయలేదు. ఇప్పుడు మామయ్యలతో వస్తున్నావు. చావుకబురు తెర మీంచి తల్లి ఒళ్ళో పడకూడదు. పెద్దలు పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పాలి. మనవాళ్ళ పద్ధతి అది. సరిగ్గానే చేశావు.

నజీరాని పంపేసి, 'డిజేబుల్' నేనే నొక్కాను.

"బాగైందా?" అంది అమ్మ.

"తాలాయ్ వచ్చి చూస్తాడటమ్మా."

"వస్తే రానీ, వాడి చెవి మెలిపెడతా," అంది.

నాకు ఏడుపు రాలేదు. వచ్చేవాళ్ళకి పరుపులు దులిపి పెట్టాను. నమాజు తరవాత దుఆ చేశాను, ఎవరి పేరూ పలకలేదు. మీరొచ్చేదాకా ఈ ఇంట్లో వాడు బతికే ఉండాలి.

మీ అక్క,
బూరుల్