ఈ డబ్బాలో ఒక్క ముక్కా మార్చను

2వ తేదీ, సోమవారం

ఈ రోజు నుంచి ఉన్నదానితో తృప్తి. దేవుడి పటం ముందు చేతులు జోడించి మాట ఇచ్చాను. కొత్త కంప్యూటర్ కొనను. ఈ పాత డబ్బాలో ఒక్క ముక్కా మార్చను.

కారణం అక్క. పొద్దున ఆసుపత్రిలో టోకెన్లు ఇచ్చే పని అయ్యాక, మధ్యాహ్నం నేనూ అక్కా ఎవరింట్లో వాళ్లం కూర్చుని లారీ ఆట ఆడతాం. సరుకుల లారీని దొంగల మధ్య నుంచి దాటించాలి. నేను తోలుతాను. అక్క లారీ మీద కూర్చుని కాలుస్తుంది. తోలడం పాపం కాదని నా నమ్మకం. అక్కకు అలాంటి సందేహాలు లేవు.

నా కంప్యూటర్ అక్క కొడుకు ఆటలకని కొనుక్కుని, మోజు తీరాక వదిలేసినది. ఆ దానాన్ని అక్క గుర్తు చెయ్యని వారం లేదు. ఆట తెరుచుకునేలోపు ఒక కుండ అన్నం ఉడుకుతుంది. తెరుచుకుంటే నా పేరు పక్కన పచ్చ చుక్క వస్తుంది. అది వచ్చేదాకా అక్క హెడ్‌ఫోన్ గుండా నా చెవిలో ఉంటుంది.

"తెరుచుకుందా?"

"తెరుచుకుంటోందక్కా."

"నీ పెళ్లినాడు నీ ముస్తాబుకైనా ఇంతసేపు పట్టలేదే."

వచ్చే నెల ఆట కొత్తగా మారుతుందట. పాత కంప్యూటర్లలో నడవదట. "బాగుచేయించుకుంటావా, నా తోడికోడల్ని పెట్టుకోమంటావా బండి తోలడానికి?" అంది. ఆ తోడికోడలు పొయ్యి దగ్గర నుంచి సింకు దాకా నడిస్తే దారిలో రెండు గిన్నెలు పడతాయి. ఆవిడ లారీ తోలుతుందట.

"నీ ఇష్టమక్కా" అన్నాను మెల్లగా. పైకి మెల్లగానే.

4వ తేదీ, బుధవారం

తృప్తి చాలా బాగుంది. ఇన్నాళ్లూ ఎందుకు ప్రయత్నించలేదో.

డబ్బా మూత విప్పి దుమ్ము దులిపాను. లోపల దొరికినవి: చచ్చిన బొద్దింక, రబ్బరు ముక్క, అక్క కొడుకు తిన్న బిస్కెట్ల పొడి. వాడి చదువు అలా ఎందుకు సాగిందో ఇప్పుడు తెలిసింది.

"యాభై ఏళ్లొచ్చాయి, ఇంకా ఆటలేమిటి?" అన్నారు మా ఆయన. ఆ సమయంలో ఆయన తన ఫోన్‌లో రంగు గోళీలు పేలుస్తున్నారు.

మధ్యాహ్నం ఆట తెరుచుకుంటూ ఉండగా అక్క గొంతు తగ్గించి, "ఈ మధ్య పొద్దున లేచేసరికి కుడి చెయ్యి..." అంది. అంతలో పచ్చ చుక్క. "వచ్చింది, పద పద" అంది.

చెయ్యి అట. పూటంతా మౌస్ పట్టుకుంటే చెయ్యి కాక ఏం నొప్పి పెడుతుంది?

6వ తేదీ, శుక్రవారం

వంతెన మీద ఉండగా తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది. మళ్లీ కదిలేసరికి లారీ నదిలో ఉంది.

"నన్ను ముంచేశావు కదే."

"నేను కాదక్కా, కంప్యూటర్."

"తోలేది నువ్వా, అదా?"

మళ్లీ తోడికోడలి మాట ఎత్తింది.

సాయంత్రం డబ్బాను దుప్పటిలో చుట్టి చంటిపిల్లలా ఎత్తుకుని రిపేరు షాపుకు వెళ్లాను. అడగడం కొనడం కాదు. షాపాయన మూత కూడా విప్పలేదు. చచ్చినవాడి నాడి చూసినట్టు డబ్బా మీద రెండు వేళ్లు పెట్టి, "మ్యూజియంకు ఇచ్చెయ్యండమ్మా" అన్నాడు. తర్వాత, "ఆడేది మీ అబ్బాయా?" అన్నాడు.

"నేనే."

నవ్వు కనిపించకుండా డ్రాయరులోకి వంగి స్క్రూడ్రైవర్ వెతికాడు. స్క్రూడ్రైవర్ ఆయన చేతిలోనే ఉంది.

8వ తేదీ, ఆదివారం

ప్రార్థన తర్వాత బాగా ఆలోచించాను. డిస్కు మారిస్తే తొందరగా తెరుచుకుంటుందని షాపాయన చివరికి ఒప్పుకున్నాడు. డిస్కు మార్చడం కొనడం కిందకు రాదు. అది వైద్యం. పుచ్చిన పన్ను తీసి వేరే పన్ను కట్టించుకున్నవాడు కొత్త మనిషి అయిపోడు కదా. ఈ తేడా దేవుడికి తెలుసు. తెలిసినవాడికి ఇంతసేపు ఎందుకు వివరించానో తెలియదు.

9వ తేదీ, సోమవారం

డిస్కు మార్పించాను. అదొక్కటే మారిస్తే కుంటి గుర్రానికి వెండి జీను వేసినట్టు ఉంటుందని షాపాయన తెర మీద బొమ్మలు చూపించే కార్డు కూడా మార్చాడు. కార్డు ఒంటరిగా ఏం చేస్తుందని మెమరీ. పాతవాటిలో మిగిలినవి: రేకు, స్విచ్చి.

మాట తప్పలేదు. డబ్బా అదే.

10వ తేదీ, మంగళవారం

బటన్ నొక్కి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను. కళ్లు తెరిచేసరికి పచ్చ చుక్క.

"పద" అంది అక్క. అంతే.

లారీ వెన్న మీద కత్తిలా పోయింది. చెట్టుకు ఆకులున్నాయని ఇన్నేళ్లకు చూశాను. అక్క మాత్రం ఒక్క దొంగనూ కొట్టలేదు. గుళ్లన్నీ ఆకాశంలోకే.

"కొంగల్ని కొడుతున్నావా అక్కా?" అన్నాను. జీవితంలో మొదటిసారి నేను అక్కను వెక్కిరించాను. ఎంత హాయిగా ఉందో రాయకూడదు.

అక్క తిట్టలేదు. "రేపు చూద్దాంలే" అంది.

12వ తేదీ, గురువారం

ఆడిన ప్రతి ఆటా ఓడాం. అక్క ఇంకా తిట్టడం లేదు. తిట్టడానికి వ్యవధి ఎక్కడ? కూర్చోగానే లారీ కదులుతోంది.

ఈ ఉదయం టోకెన్ కౌంటర్ ముందు బల్ల మీద ఒక ముసలాయన, పక్కనున్న ముక్కూ మొహం తెలియనివాడికి తన ఒళ్లంతా చదివి వినిపించాడు. చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నాడట. లోపలికి పిలిచాక డాక్టరు "ఏమిటి ఇబ్బంది?" అంటే, "ఏం లేదండి, కొంచెం నీరసం" అన్నాడు. ఇలాంటివాళ్లను చూసి రోజూ నవ్వుకుంటాను. ఈ రోజూ నవ్వుకున్నాను. ఇంటి మలుపు తిరుగుతుంటే ఆ నవ్వు ఆగిపోయింది.

అక్క చెయ్యి. ఆట తెరుచుకునేలోపే కదా ఆ మాట ఎత్తింది.

ఫోన్ చేశాను. "బాగానే ఉన్నానే. పొయ్యి మీద గిన్నె ఉంది" అని పెట్టేసింది. వెనకాల బావ దగ్గు వినిపించింది. బావ పక్కనుంటే అక్కకు ఎప్పుడూ పొయ్యి మీద గిన్నె ఉంటుంది.

13వ తేదీ, శుక్రవారం

అబద్ధం ఆడాను. ముందుగా దేవుడికి చెప్పే ఆడాను.

"పద" అంది అక్క.

"ఇంకా తెరుచుకోలేదక్కా."

అటు కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు వినిపించింది. తర్వాత, "నీ కొత్త ముక్కలు కూడా నీలాంటివేనే. ముస్తాబు ఎక్కువ, పని తక్కువ" అని మొదలుపెట్టింది. షాపాయన్ని తిట్టింది, నన్ను తిట్టింది, తోడికోడల్ని కూడా వదల్లేదు. నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను.

"కుడి చెయ్యి మొద్దుబారుతోందే" అంది ఉన్నట్టుండి. "నిన్న టీ గ్లాసు జారిపోయింది. మీ బావకు చెప్పలేదు. చెబితే ముందు ఈ ఆట మానెయ్యమంటాడు."

"రేపు పొద్దున ఆసుపత్రికి రా. మొదటి టోకెన్ నీదే."

"వరస తప్పిస్తే నీకు చెడ్డపేరు రాదూ?"

"వస్తే రానీ."

"అవున్లే, ఇప్పుడేమన్నా మంచిపేరు ఏడిచిందా."

అప్పుడు తెర వైపు చూశాను. నా పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతోంది. మొదటినుంచీ వెలుగుతూనే ఉంది. నా తెర మీద కనిపించేది అక్క తెర మీదా కనిపిస్తుంది.

"తెరుచుకోనీలే" అంది అక్క. "తొందరేం లేదు."

14వ తేదీ, శనివారం

మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందట. నయమవుతుందన్నారు. పట్టీ వేసి, కొన్నాళ్లు కుడి చేత్తో మౌస్ ముట్టుకోవద్దన్నారు. డాక్టరు దగ్గర అక్క "ఏం లేదండి" అనబోతే నేను వెనక నుంచి మొత్తం చెప్పాను. బయటకు వచ్చాక తిట్టింది. చాలా బాగా తిట్టింది.

"ఎడమ చేత్తో కీబోర్డు నొక్కి బండి నేను తోలుతా. నువ్వు కాల్చు" అంది.

బొమ్మ దొంగల లెక్క దేవుడు అంత పట్టుగా చూడడనే అనుకుంటున్నాను.

రేపటి నుంచి మళ్లీ తృప్తి. పటం ముందు మాట ఇచ్చాను. ఈ డబ్బాలో ఇక ఒక్క ముక్కా మార్చను.

కాల్చడానికి నా పాత మౌస్ పనికిరాదంటున్నాడు షాపాయన. మౌస్ డబ్బాలో ఉండదు. బయట ఉంటుంది.