నా పక్క తడిపింది పాప కాదు

అమ్మాయీ, పాలు కాచి మూత పెట్టాను. నా దుప్పటి ఉతికి తీగ మీద ఆరేశాను. పరుపు నువ్వే ఎండలో వెయ్యి, ఎత్తడానికి నా నడుము సహకరించలేదు. అది తడిపింది నేనే. పాప తనే తడిపానంటుంది, నమ్మకు. "నాకెలాగూ తిట్లు అలవాటే తాతా, నీ వంతు కూడా నేనే తింటాలే" అంది.

పొద్దు గూకాక పాపకు మంచినీళ్లు ఆపకు. నేనూ మానేసి చూశాను. కళ్లు తిరిగాయి గానీ పక్క తడవడం ఆగలేదు.

ఆసుపత్రికి వెళ్తున్నాను. డాక్టరు ఏమంటాడోనని భయంగా ఉంది. నా మంచం వరండాలోకి మార్చేస్తావేమోనని ఇంకా భయం. మారిస్తే మార్చు, పాపను మాత్రం ఏమీ అనకు.

అబ్బాయికి నువ్వు చెప్పకు. ధైర్యం చాలితే నేనే చెబుతాను.