ఇసక తగిలి దాటిన పడవ

నాయనా,

తమ్ముడికి గండం తప్పింది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా ముందు నీకే చెప్పాలనిపించింది.

డిగ్రీలో ఇంగ్లీషు నవలలు చదువుతూ అర్థంకాని పలుకుబడి తగిలినప్పుడల్లా, వల బాగుచేసుకుంటున్న నీ దగ్గరికి వచ్చేదాన్ని. నీకు ఇంగ్లీషు రాదు. పడవల మీద పుట్టిన పలుకుబడైతే, మాటకు మాట తెలుగులో చెప్తే చాలు, అర్థం నువ్వే తేల్చేవాడివి. గుర్రాల మీద పుట్టినవొస్తే మాత్రం "అయ్యి నన్నడగబాక" అని కసిరేవాడివి. 'టచ్ అండ్ గో' అడిగిన రోజు వల పక్కన పెట్టి నవ్వావు.

"ఏరు సముద్రంలో కలిసే మొగ కాడ పడవ అడుగు ఇసకకి తగులుతాదే, అయిపోయినాం అనుకుంటాం. ఆగకుండా దాటేస్తాది. అట్టా అన్నమాట పాపా."

ఇవాళ నెల్లూరు ఆసుపత్రిలో పెద్ద డాక్టరు తమ్ముణ్ణి పరీక్షించి, రెండు రోజులు 'టచ్ అండ్ గో'గా గడిచిందని పక్క డాక్టరుతో ఇంగ్లీషులో అన్నాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమంటుండాడు?"

"పడవ అడుగు ఇసకకి తగిలిందంటమ్మా. దాటేసిందంట."

అమ్మ చెయ్యి వదిలింది. మెల్లగా అడిగింది.

"ఆ డాక్టరు కూడా మన పడవలోళ్ల బిడ్డేనా?"