ఎరుపు పైన ఉన్న జెండా

లోర్నా అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇక్కడ ఐర్లండ్‌లో, రింగాస్కిడీలోని మన మందుల ప్లాంటు క్యాంటీన్‌లో నీ ఫొటో పెట్టి, పైన మీ ఫిలిప్పీన్స్ జెండా కట్టారు. కట్టింది మన మేనేజరే. అదే క్యాంటీన్‌లో నువ్వు మీవాళ్లతో మీ భాష తగలోగ్‌లో మాట్లాడితే, "ఇంగ్లిష్, ప్లీజ్" అని అందరి ముందూ నీ నోరు మూయించినవాడు. ఇవాళ నీ నవ్వు గురించి ఉపన్యాసం దంచాడు, సిగ్గులేని మనిషి.

పైగా జెండా తలకిందులుగా కట్టాడు. శాంతి ఉంటే నీలం పైన, యుద్ధమొస్తే ఎరుపు పైన అని నువ్వే గర్వంగా చెప్పేదానివి. ఆ మాటే అతనికి చెప్తే, "ఆ, ఇట్స్ గ్రాండ్" అని, పర్లేదులే అన్నట్టు ఇక్కడివాళ్ల మాట ఒకటి అనేసి టీ పోసుకున్నాడు.

సరిచేద్దామని కుర్చీ ఎక్కాను. ఆ "ప్లీజ్" గుర్తొచ్చి దిగిపోయాను.

అతను తెలియక కట్టాడు అక్కా. నేను తెలిసే ఎరుపును పైన వదిలేశాను.