చెన్నమ్మగారి వంట మీద నేను వేసిన నింద

బొమ్మనహళ్ళి,
ఆదివారం

అక్కకు తమ్ముడు శ్రీను నమస్కరించి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. నువ్వూ బావగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఇక్కడ వానలు పట్టుకున్నాయి. గార్మెంట్స్‌లో పని తెరిపి లేకుండా ఉంది.

అక్కా, ఒక తప్పు చేశాను. అది చెప్పాలనే రాస్తున్నాను.

నా కడుపు సంగతి నీకు తెలుసు. ఎన్నో ఏళ్ళుగా కాస్త ఎక్కువ తిన్నా ఉబ్బరం, పుల్లతేన్పులు. పోయిన నెల మా యూనిట్లో చాలామందికి వైరల్ జ్వరాలు వచ్చాయి. నాకూ వచ్చింది. నాలుగు రోజులకు జ్వరం పోయింది గాని, కడుపు మునుపటికన్నా పాడైంది. రెండు ముద్దలకే నిండిపోయేది. మంట, వికారం.

మేం ఆరుగురం చెన్నమ్మగారింట్లో భోంచేస్తాం. హోసూరు వైపు నుంచి వచ్చి ఎప్పుడో ఇక్కడ స్థిరపడ్డ తెలుగావిడ. భర్త లేరు, మా భోజనాలే ఆధారం. ఒకరోజు అందరూ తింటుండగా కంచం నెట్టేసి, "మీ వంటే నా కడుపు చెడగొట్టింది. కాచిన నూనెనే మళ్ళీ మళ్ళీ వాడుతున్నారు" అన్నాను. ఆ నూనె నేను చూసింది లేదు.

"ఇదే కూడు నేనూ తింటాండా గదప్పా" అందావిడ. అంతే. మర్నాటి నుంచి నలుగురు రావడం మానేశారు.

ఎంతకీ తగ్గక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన అంతా విని, "అదే అన్నం తిన్న మిగతావాళ్ళకు ఏమైనా అయిందా?" అని అడిగారు. లేదన్నాను. "అయితే వంట కాదు. నీది ముందే అజీర్తి ఉన్న కడుపు. వైరస్ సోకాక జ్వరం పోయినా అది తేరుకోవడానికి వారాలు పడుతుంది. కొంచెం కొంచెంగా తిను" అన్నారు. ఆయన ముందు తలెత్తలేకపోయాను.

తిన్నగా చెన్నమ్మగారింటికి వెళ్ళి క్షమించమన్నాను. ఆవిడ బియ్యం ఏరుతూనే, "నాకెందుకప్పా చెప్తావు? ఎవురి ముందర అంటివో వాళ్ళకి చెప్పు పో" అంది.

మర్నాడు భోజనాల వేళ ఆ నలుగురినీ పిలిచి, నేనన్నది అబద్ధమని చెప్పాను. ఒకడు నవ్వాడు. ఇద్దరు తిరిగి వస్తున్నారు. మిగతా ఇద్దరూ హోటలుకు అలవాటు పడ్డారు.

ఇప్పుడావిడ నాకు విడిగా జావ కాచి పెడుతోంది. నేను అడగలేదు. కడుపు నెమ్మదిస్తోంది గాని, ఆ గిన్నె ముందు కూర్చోవాలంటే సిగ్గుగా ఉంది.

బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నా బదులు అమ్మ పాదాలకు నువ్వు మొక్కు. అమ్మకు జ్వరం సంగతి మాత్రమే చెప్పమని రాయబోయాను. వద్దులే, అంతా చదివి వినిపించు. బిడ్డకు అన్నం పెడుతోందని అమ్మ రోజూ తలుచుకునేది ఆవిడనే కదా.

నీ తమ్ముడు,
శ్రీను