విరిగిన మొన

అతార్, గురువారం

చెల్లీ తెక్బెర్,

ఎడారిలో రాతి బాణాల మొనలు దొరికే మన పల్లం సంగతి పరాయివాళ్లకు చెప్పనని, నాన్నను మట్టిచేసిన రోజున తమ్ముడు సిదాతీ ఒట్టుపెట్టాడు. ఏడాది తిరక్కుండానే, మొనలు ఏరుకుపోయే జీపులవాళ్లను అక్కడికి తీసుకొచ్చాడు.

ఇప్పుడు మంచం పట్టి నన్ను చూడాలంటున్నాడని రాశావు. చెక్కుచెదరని మొన ఒక్కటైనా మిగిలి ఉంటే క్షమిద్దామనుకుని నిన్న అక్కడికి వెళ్లాను. మధ్యాహ్నందాకా ఇసుక జల్లిస్తే విరిగినది ఒకటి దొరికింది. వేల ఏళ్లు ఇసుక దాచినదాన్ని మనం ఒక్క తరంలో ఊడ్చేశాం.

అక్కడ టీ కాస్తున్న ఒంటెల కాపరి దెద్దా నవ్వాడు. "ఏం పంతులూ, దారి తప్పకుండా గుట్టలుగా రాళ్లు పేర్చింది నువ్వేగా? ఆ గుర్తులు పట్టుకునే అందరూ దిగారు. పాపం, తమ్ముణ్ణి ఆడిపోసుకుంటావేం?" మూడు గ్లాసులూ తాగి లేవడమే మన మర్యాదని తెలిసీ, మూడో గ్లాసు ముట్టకుండా లేచొచ్చాను. అంత అవమానం నేనెవరికీ చేసి ఎరగను.

తాతగారి పుస్తకాల పెట్టెకు చెద పట్టిందేమో చూడు. నా పాత కళ్లద్దాలు పంపు.

విరిగిన మొనను లారీవాడితో పంపుతున్నాను, తమ్ముడి చేతిలో పెట్టు. నేను రాను. రాళ్లు పేర్చింది నేనే, కాదనను. నీ పిల్లలను దేవుడు చల్లగా చూడాలి. చచ్చేదాకా నేను నిందించేది మాత్రం సిదాతీనే.