ఫ్లోట్‌కి పట్టిన జిగురు

నాన్నా,

నేను వచ్చేదాకా పొయ్యి ముట్టించకు. ట్యాంకు నిండా పాకం కాచాల్సిన మేపుల్ చెట్ల రసం ఉందని నాకూ తెలుసు. అయినా ముట్టించకు.

నిన్న పెనం ఎందుకు మాడబోయిందో తెలిసింది. పెనంలో మట్టం తగ్గగానే కిందికి దిగి ట్యాంకు రసం వదిలే ఫ్లోట్ కడ్డీ బంకకి బిగుసుకుపోయి, రసం రావడం ఆగిపోయింది. మన షెడ్డులో ఏది అంటుకున్నా పాకమే అనుకుంటాం కదా, నేనూ అలాగే అనుకుని వేడినీళ్లు పోశాను. కరగలేదు. వంటనూనె రాసి రుద్దితే నల్లగా ఊడొచ్చింది. అది టేపు జిగురు. పట్టు కోసం నువ్వు కడ్డీకి చుట్టిన నల్ల టేపు వేడికి కారి కీలులోకి దిగింది.

గరిటె పిడికీ, గొడ్డలి పిడికీ కూడా చుట్టావు. వేళ్లు పట్టు తప్పుతున్నాయని నాకొక్క మాట చెప్తే ఏం పోయేది? అడిగినప్పుడల్లా "చలికి అలాగే ఉంటుందిలే ఆర్డిస్" అని దాటేశావు. నిన్న నేను రావడం ఇంకాస్త ఆలస్యమైతే పెనంతో పాటు నువ్వూ కాలేవాడివి.

కీలు కడిగేశాను. స్కూలు బస్సులో పిల్లల్ని ఇళ్ల దగ్గర దించేసి నాలుగింటికల్లా వస్తాను. ఇద్దరం కలిసి రసం కాద్దాం.

ఆర్డిస్

నీ కాఫీ కప్పు పిడికీ అదే జిగురు ఉంది. తుడిచేసి, కొత్త టేపు నేనే చుట్టాను.